బస్తాల్లో వచ్చిన కొండ

మొన్న వానాకాలం నఫీసా కంటి ఆపరేషన్ కోసం బోధన్ నుంచి వచ్చి మా ఇంట్లో కొన్నాళ్ళు ఉంది. మాది నిజామాబాద్‌లో కంఠేశ్వర్. కంటి డాక్టరు పక్క వీధిలోనే ఉంటాడు, ఇంటి నుంచి నడిచి పోవచ్చు. ఆపరేషన్ అయిన మర్నాడు పొద్దున ఆమె నల్లద్దాలు పెట్టుకొని వరండాలో కుర్చీలో కూర్చుంది. నేను పక్కనే చాటలో బియ్యం పోసుకొని ఏరుతున్నాను. ఇప్పటి బియ్యంలో రాళ్ళెక్కడివి, అలవాటు కొద్దీ చేతులు తిరుగుతాయి, అంతే. గింజల చప్పుడు విని ఆమె నా వైపు తిరిగింది.

"విజయా, గా ఎలుక పండ్లు యాదికున్నయానే?" అంది.

ఎవరైనా వింటే మత్తుమందు ఇంకా దిగలేదనుకుంటారు. నాకు మాత్రం చాటలో చెయ్యి ఆగిపోయింది. యాదికి లేకపోవడమేమిటి! ఆ ఏడాది మేమిద్దరం కోటి ఏళ్ళ కిందటి ఎలుకల పళ్ళు వెతికాం. అదీ బోధన్‌లో, చక్కెర ఫ్యాక్టరీ సైరన్ వినిపించే ఒక హాల్లో, మంచం పట్టిన ఒక ముసలామె పక్కన కూర్చొని.

అప్పటి బోధన్‌ను తలచుకుంటే ముందు కంటికి ఏదీ కనిపించదు, ముక్కుకే తెలుస్తుంది. చెరుకు ఆడడం మొదలైతే ఊరంతా మొలాసిస్ వాసన. పులిసిన బెల్లం లాంటి ఆ బరువైన తీపి తలుపులు మూసినా లోపలికి వచ్చేది. ఆరేసిన బట్టల్లోకి, సద్దన్నంలోకి, మా నిద్రలోకి కూడా వచ్చేది. మా నాన్న, మా బాపు, ఫ్యాక్టరీలో పాకం మరిగించే చోట పని చేసేవాడు. డ్యూటీ దిగి ఇంటికొచ్చి చెప్పులు గడప దగ్గర విడిస్తే, ఆయన కాళ్ళు కడుక్కొని వచ్చేలోపే చీమలు వాటి చుట్టూ చేరేవి. ఆయన వాటిని దులిపేవాడు కాదు. "పాపం, గంత దూరం నా ఎంబడి వచ్చినయి" అనేవాడు. చాయ్ సాసర్లో పోసుకొని, చల్లారేదాకా దాని వైపు చూస్తూ కూర్చొని, ఒక్క గుక్కలో తాగేవాడు. చక్కెర మాత్రం వేసుకునేవాడు కాదు.

మా అమ్మను మేం అవ్వ అని పిలిచేవాళ్ళం. అవ్వ, నేను బీడీలు చుట్టేవాళ్ళం. పదో తరగతితో నా చదువు ఆగింది. అవ్వకు దగ్గు పట్టుకుంది, ఆమె చేతులతో అయ్యే పని సగమైంది, మిగతా సగం నా చేతుల్లోకి వచ్చింది. తడిపిన తునికాకు మీద తడి గోనెపట్టా కప్పి ఉంచితే ఇంట్లో వాన పడ్డ అడవి వాసన వేసేది. ఆ వాసన, తంబాకు ఘాటు, బయటి మొలాసిస్ తీపి, మూడూ కలిసిందే నా పద్దెనిమిదో ఏడు. పక్కింటి నఫీసా తన చాట తీసుకొని మా వాకిట్లోకే వచ్చేది. వాళ్ళమ్మ గాజులమ్మే ఆమె, భర్త లేడు, నేను ఖాలా అని పిలిచేదాన్ని. నఫీసా వేళ్ళు నా వేళ్ళకంటే చురుకు, నోరు అంతకంటే చురుకు.

మా వీధి చివరి ఇల్లు లచ్చవ్వది. భర్త ఫ్యాక్టరీ ల్యాబులో చేసి పోయాడు. ఒక్కతే బిడ్డ, ప్రమీల. ఆమె హైదరాబాద్‌లో రాళ్ళ చదువు చదివి, ఎక్కడో హిమాచల్‌లో, శివాలిక్ కొండల కింద ఎముకలు తవ్వుతుందని మాకు తెలుసు. అంతకు మించి తెలియదు. పెళ్ళి చేసుకోలేదని మాత్రం అందరికీ తెలుసు. లచ్చవ్వకు పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయినప్పుడు ప్రమీల మేడం పని వదులుకొని వచ్చింది. దసరా తర్వాత ఒకరోజు ఆమె ఇంటి ముందు లారీ ఆగింది. హమాలీలు దాంట్లోంచి గోనె బస్తాలు దించి వరండాలో పేర్చారు. చుట్టుపక్కల అందరం పోయి చూశాం. సిమెంటు కాదు, ఎరువు కాదు, వట్టి మట్టి. ఎండిన మట్టిపెళ్ళలు.

"గంత దూరం నుంచి మట్టి తెప్పిచ్చుకున్నదా? బోధన్ల మట్టి కరువైందా?" అంది ఖాలా.

మేడం నవ్వింది. "ఆడికి నేను పోలేను కదా ఖాలా, మా అవ్వను వదిలి. అందుకే కొండనే ఈడికి రమ్మన్న."

ఆ నవ్వు చూసే అనుకుంటాను నఫీసా నన్ను మోచేత్తో పొడిచింది. ఆ మట్టిలో సన్నవి ఏరడానికి ఇద్దరు ఆడపిల్లలు కావాలని మేడం అడిగితే, ముందుకొచ్చింది మేమిద్దరమే. పొద్దున బీడీలు, మధ్యాహ్నం నుంచి దీపాల వేళ దాకా మేడం ఇల్లు.

పెళ్ళలను ముందు కిరోసిన్‌లో నానబెట్టేవాళ్ళం, తర్వాత గంగాళంలో నీళ్ళు పోసేవాళ్ళం. ఎంతో గట్టిగా ఉన్న మట్టి నిట్టూర్చినట్టు బుడగలు వదిలి మెత్తగా విడిపోయేది. దాన్ని సన్నని జల్లెడలో పోసి కడిగితే ఎర్రనీళ్ళు వాకిలి దాటి మోరీలో కలిసేవి. ఆ నీళ్ళ వెంట పిల్లలు కాగితం పడవలు వదిలేవారు. ఎప్పుడో హిమాలయాల నుంచి ఏ నదో మోసుకొచ్చి పరిచిన బురద అది, ఇన్నాళ్ళకు మా మోరీలో పడి చెరుకు తోటల వైపు పోతోంది. జల్లెడలో మిగిలిన ఇసుకను గుడ్డ మీద ఆరబెట్టి, తెల్లటి పింగాణీ పళ్ళెంలో చిటికెడు చిటికెడు పోసి, భూతద్దం కింద ఏరడం మా పని. తడిపిన కుంచె మొనతో తాకితే చిన్న ముక్క దానికి అంటుకుని లేచేది. చేప పళ్ళు, పాము వెన్నుపూసలు, పీత గిట్టల ముక్కలు, నల్లగా, గోధుమరంగుగా, రాయిగా మారిపోయి. మొదటి రోజుల్లో నేను ఎంతో గర్వంగా తీసి చూపించినవన్నీ ఉత్త రాళ్ళే. నఫీసా ఒకసారి చీమ తలకాయ తీసింది. అది మా బాపు చెప్పుల వెంట వచ్చిందేనని మేడం అంటే లచ్చవ్వ కూడా నవ్వింది, నోరు ఒక పక్కకే కదిలినా.

లచ్చవ్వ మంచం హాల్లోనే ఉండేది. ఆమె మాట ముద్దగా వచ్చేది, కొన్నాళ్ళకు మాకు అలవాటైంది. రోజూ ఒకటే మొదటి ప్రశ్న: "ఇయ్యాల ఏం దొరికింది?" దొరికినదాన్ని ఆమె ఎడమ అరచేతిలో పెట్టాలి. అప్పుడు మేడం ఆ జంతువు కథ చెప్పాలి. అలా మధ్యాహ్నాలన్నీ ఆ కొండలోని జంతువులు ఒక్కొక్కటే ఆ హాల్లోకి నడిచొచ్చేవి. మూడు వేళ్ళ గుర్రాలు. పొట్టి మెడ జిరాఫీలు. కింది దవడలోంచి కిందికే వంగిన దంతాలున్న ఏనుగు లాంటివి. మనిషికి దూరపు చుట్టాలైన, తోక లేని పెద్ద కోతులు. అవన్నీ ఒకే నది ఒడ్డున, ఒకే కాలంలో బతికాయని మేడం చెప్పేది.

"మామూలుగ ఒక్కో తావుల ఒక్కో ఎముక దొరుకుతది," అంది ఒకరోజు. "ఈడ అట్ల కాదు. ఏనుగు నుంచి ఎలుక దాంక, పీత దాంక, ఊరు ఊరంత ఒక్కతాననే ఉన్నది. ఎవలు ఏం తిన్నరు, ఎండలెట్లుండె, వానలెట్లుండె, అన్నీ చెప్తయి. ప్రపంచంల గిసుంటి జాగలు శానా తక్కువ."

"ఏం తిన్నయో నీకెట్ల తెలుస్తది?" అంది లచ్చవ్వ.

"పండ్లను చూస్తే తెలుస్తది అవ్వా. గడ్డి తింటే ఒక తీరు అరుగుతయి, మెత్తటి పండ్లు తింటే ఇంకో తీరు."

"పండ్లను చూసి పండ్లు తిన్నదని చెప్తున్నవు. మంచిగనే ఉన్నది నీ సదువు!" అని ముసలామె ముసిముసిగా నవ్వుకుంది.

ఆ చలికాలం నేను సగం మేలుకొని, సగం కలలో తిరిగాననిపిస్తుంది. పొద్దున నీళ్ళకు పోతుంటే చెరుకు తోటల మీద మంచు కమ్ముకొని ఉండేది. తోటలన్నీ వెన్ను వేసి, తెల్లటి పూత ఊగుతూ ఉండేది. ఆకులు కదిలితే గాలి అనుకునేదాన్ని కాదు, మూడు వేళ్ళ గుర్రాల మంద పక్కకు తప్పుకుంటోందనుకునేదాన్ని. ఫ్యాక్టరీ పొగ వంగి ఊరి మీదికి దిగితే అది ఏదో పెద్ద జంతువు మెడ దించినట్టుండేది. ఈ మాట నఫీసాకు చెబితే వెక్కిరిస్తుందనుకున్నాను. ఆమె వెక్కిరించలేదు. "నిన్న మా అటక మీద కోతి కూసున్నట్టు కలొచ్చింది. నేను రొట్టె ఇస్తే తీస్కోలే, జామపండు అడిగింది" అంది.

మేడంకు అసలు కావలసింది ఎలుక పళ్ళేనని మెల్లగా అర్థమైంది. ఆ కొండలో బూడిదరంగు పొర ఒకటి ఉంది. దాంట్లో ఆమెకు ఆ పెద్ద కోతి దవడ దొరికింది. ఆమె రంగంలోని పెద్దవాళ్ళు ఆ పొర ఇంకా చాలా పాతదని, అడవులు దట్టంగా ఉన్న కాలానిదని అన్నారు. కాదు, అడవులు పలచబడి, గడ్డి మైదానాలు పెరుగుతున్న రోజులదని మేడం నమ్మకం. అదే నిజమైతే ఆ కోతి ఆ నేల మీద మిగిలిన చివరివాటిలో ఒకటవుతుంది. మరి ఎలా తేల్చాలి? ఎలుకలు తొందరగా పుట్టి తొందరగా పోతాయి, తరం వెంట తరం వాటి పళ్ళ ఆకారం మారుతూ వస్తుంది. ఏ ఆకారమో తెలిస్తే ఏ కాలమో తెలుస్తుంది. ఏనుగంత ఎముక చెప్పలేనిది ఆవగింజంత పన్ను చెప్పాలి.

"గా కోతులు ఏడికి పోయినయే?" అని అడిగింది లచ్చవ్వ ఆ రోజు.

మేడం మంచం అంచున కూర్చుంది. తల్లి చెయ్యి ఒత్తుతూ, "ఏడికీ పోలే అవ్వా," అంది. "అడవి అయిపోయింది. పండ్లు దొరకలే."

మొదటి పన్ను నఫీసాకు దొరికింది, ఎండలు ముదిరాక. మూడు మూడు చొప్పున చిన్న గుబ్బలు వరుసగా ఉన్న ముక్క. మేడం మైక్రోస్కోప్ కింద పెట్టి చూసి, తల ఎత్తకుండానే చెయ్యి చాపి నఫీసా చెయ్యి పట్టుకుంది. తర్వాత నాకూ చూపించింది. ఆ గాజులో అదొక కొండల వరుసలా ఉంది, లోయల్లో ఇసుక మెరుస్తోంది. కానీ ఒక్కటి చాలదట, ఎటునుంచో కొట్టుకొచ్చిందంటారట. ఆ పొర మట్టి ఉన్న బస్తాలు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. వాటిలో ఉంటాయని మా ముగ్గురి ఆశ.

శ్రావణంలో ముసురు పట్టిన రోజు లచ్చవ్వ పోయింది. నిద్రలోనే పోయింది. మేడం ఏడవలేదు, తల్లి ఎడమ అరచెయ్యి తెరిచి చూస్తూ కూర్చుంది. చుట్టాలు వచ్చారు, ముప్కాల్ నుంచి ఆమె మేనమామ వచ్చి అన్నీ తన మీద వేసుకొని చేశాడు. మంచి మనిషి. వానకు వాకిలంతా బురద, వచ్చేవాళ్ళు జారుతున్నారు. ఆయన కంటికి వరండాలోని బస్తాలు కనిపించాయి. బురద మీద పోసే మొరం అనుకున్నాడు. విప్పి వాకిట్లో పోయించి, సమంగా పరిపించాడు. దాని మీద టెంటు వేశారు. ఊరంతా ఆ మట్టి మీద నడిచొచ్చి లచ్చవ్వను చూసి పోయింది. మేమూ నడిచాం, తల వంచుకొని, కాళ్ళ కింద ఏముందో గమనించకుండా.

అన్నీ అయ్యి, చుట్టాలు పోయాక, టెంటు విప్పుతుంటే నఫీసా చూసింది. "యా అల్లా" అని అక్కడే మోకాళ్ళ మీద కూలబడి మట్టి దోసిళ్ళతో ఎత్తసాగింది. నేను జల్లెడ కోసం పరుగెత్తాను. మేడం గడపలో నిలబడి ఉంది. మొదటి రోజే చూసిందట. చూసి, మేనమామతో ఒక్క మాట కూడా అనలేదట.

"వద్దు, లే నఫీసా."

"నల్లగ ఉంటయి కదా మేడం, గుర్తుపడ్త! కడిగి ఇస్త!"

"బోధన్ మట్టి కలిసింది. మన ఇండ్లల్ల ఎలుకలు లెవ్వా? రేపు ఎవరన్న అడిగితే ఇది గా పొరలదే అని నేను ప్రమాణం చెయ్యగల్గుతనా?" ఆమె గొంతు అప్పుడు పగిలింది. ఏడుపు తల్లి కోసమో మట్టి కోసమో మాకు తెలియలేదు, ఆమెకూ తెలియదేమో. గడపలోనే కూర్చుంది. మేం చెరో పక్కన కూర్చున్నాం. చాలాసేపటికి ముఖం తుడుచుకొని, "కొండ ఆడనే ఉన్నది కదా," అంది. "ఇగ నన్ను ఈడ ఆపేటోళ్ళు ఎవరూ లేరు. చలికాలం పోతున్న. మీరిద్దరు వస్తరా?"

ఖాలా ఒక్క నిమిషం ఆలోచించలేదు. "తీస్కపో మేడం. పిల్ల ఎక్కడున్నా రొట్టె చేస్కొని బతుకుతది. మల్ల తెచ్చి నా ఇంట్ల దింపు, గంతే" అంది. చుట్టాలు ఏమంటారని అవ్వ అడిగితే, వాళ్ళొచ్చి నా గాజుల గంప మోస్తున్నారా అంది.

మా ఇంట్లో అంత తేలిగ్గా కాలేదు. బాపు కోపం చేయలేదు, అదే నాకు కష్టమైంది. రెండు రోజులు ఏమీ అనకుండా తిరిగాడు. మూడో రోజు చాయ్ సాసర్లో పోసుకొని, దాని వైపే చూస్తూ అన్నాడు: "మేడం మీద నాకు అనుమానం లేదు బిడ్డా. దూరమని భయం లేదు. నువ్వు పోయి వస్తే మల్ల గీ చాట ముందల కూసోవు. మీ అవ్వ సంగతేంది మరి?" లోపల అవ్వ దగ్గు వినిపించింది. ఆయన అన్నది నిజం, అందుకే అంత కోపం వచ్చింది నాకు.

వాళ్ళు పోయారు. చెరుకు మళ్ళీ పూసింది. నేను ఒక్కదాన్నే చాట ముందు కూర్చొని బీడీలు చుట్టాను. ఆ చలికాలం గుర్రాలు రాలేదు, ఆకులు కదిలితే గాలే.

నఫీసా చలికి పగిలిన బుగ్గలతో, మెడకు మఫ్లర్ చుట్టుకొని తిరిగొచ్చింది. వచ్చిన సాయంత్రమే మా వాకిట్లో కూర్చుంది. చుట్టూ బీడీల ఆడవాళ్ళు చేరారు. "ఏమున్నదే ఆడ?" అని అందరూ అడిగారు.

"ఏం లేదు. ఎర్ర గుట్టలు, తుమ్మలసుంటి ముండ్లచెట్లు, మేకలు. మేకలోళ్ళు మంచోళ్ళు. పాలు పోసిండ్రు" అంది. ఆ పైన ఎండలో గుట్ట ఎక్కడం, మేడం సుత్తితో పొర తవ్వడం, వాగులో జల్లెడలు కడుగుతుంటే వేళ్ళు కొంకర్లు పోవడం, పళ్ళు దొరకడం, ఒకటి కాదు, గుప్పెడన్ని దొరకడం, అన్నీ చెప్పింది. బాపు డ్యూటీ దిగి వచ్చి దర్వాజ పట్టుకొని నిలబడి విన్నాడు. చెప్పులు విడవడం కూడా మరిచాడు.

"గాడ తవ్వెటోళ్ళల్ల ఆడోళ్ళు ఎందరున్నరు బిడ్డా?" అని అడిగాడు చివరికి.

"మేడం ఒక్కతే బాపు. ఎండల టోపీ పెట్టుకొని, అందరికన్న పైన ఉంటది."

ఆయన అప్పుడు చెప్పులు విడిచాడు. జూన్‌లో ఒక పొద్దున నన్ను లేపి, తల దువ్వుకొమ్మని, బస్సెక్కించి నిజామాబాద్ తీసుకొచ్చాడు. ఇంటర్‌లో చేర్పించాడు. ఆడపిల్లల హాస్టల్ గేటు దగ్గర చేతిలో సద్ది డబ్బా పెట్టి, "నీ చాట అటక మీద పెట్టిన. ఇగ దించనే దించ" అన్నాడు. అవ్వ సంగతేమిటని నేను అడగబోయాను. ఆయన అప్పటికే బస్సు వైపు తిరిగాడు. ఫ్యాక్టరీ డ్యూటీ అయ్యాక ఆయనే అవ్వ పక్కన కూర్చొని, ఆ మోటు వేళ్ళతో తునికాకు కత్తిరించడం నేర్చుకున్నాడని తర్వాత తెలిసింది.

మరుసటి ఎండాకాలం మేడం బోధన్ ఇల్లు అమ్మడానికి వచ్చినప్పుడు చెప్పింది: ఎలుకలు ఆమె మాటే నిజమన్నాయి. ఆ దవడ చివరి రోజులదే. అడవి తగ్గుతుంటే ఆ కోతులు ఎంతకాలం పట్టు విడవకుండా ఉన్నాయో దాంతో తెలిసిందట. పెద్దవాళ్ళు ఒప్పుకున్నారట, కొందరు ఆలస్యంగా. నేను ఆమెలా రాళ్ళు చదవలేదు. తెలుగు చదివి, బడిలో చెప్పి, కథలు రాసుకుంటూ ఈ ఊళ్ళోనే ఉండిపోయాను. నఫీసా బోధన్‌లోనే పెళ్ళి చేసుకొని, కళ్ళు మసకలు కమ్మేదాకా బీడీలు చుట్టింది. కొండకు పోయిన మనిషి తిరిగొచ్చింది, పోని మనిషి బీడీల చాట ముందుకు తిరిగి పోలేదు. మేడం ఇప్పుడు లేదు. బాపూ అవ్వా లేరు.

ఇప్పుడు బోధన్‌లో బస్సు దిగితే నాకు దారి తెలియనట్టుంటుంది. ఫ్యాక్టరీ చిమ్నీలో పొగ లేదు. చెరుకు ఉన్నచోట వరి, మక్క, సోయా. మొలాసిస్ వాసన పూర్తిగా పోయింది. ఆ వాసన ఒకటుండేదని చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు, మూడు వేళ్ళ గుర్రాలుండేవంటే నమ్మినా నమ్ముతారు, బొమ్మలున్నాయి కాబట్టి. ఆ రోజులు బంగారం అని నేను అనను. అవ్వ దగ్గు నాకింకా వినిపిస్తుంది. తంబాకు దుమ్ము లేని ఇంట్లో నా మనవరాలు పెరుగుతోంది, అది చాలు. అయినా ఒక కాలం ఇంతలా, ఒక్క వాసన కూడా మిగలకుండా పోతుందని నాకెవరూ చెప్పలేదు. ఆ కొండను నేను చూడనేలేదు. మొదట ఉద్యోగం, తర్వాత పిల్లలు, ఆ తర్వాత మోకాళ్ళు. దాని మట్టిని మాత్రం నా అంతగా ఎరిగినవాళ్ళు తక్కువ.

ఆ పొద్దున వరండాలో నఫీసాను అడిగాను. ఆమె కొండ నుంచి తిరిగొచ్చిన రోజు అందరి మధ్యా అడగలేకపోయిన మాట, అడిగే తీరు తెలియని మాట. "ఆ పొర దగ్గరికి పోయినప్పుడు ఎట్లనిపించిందే నీకు?"

ఆమె వీధి వైపు తిరిగింది. వీధిలో ఆటో ఒకటి ఆగి, ఎవరినో దింపి పోయింది. "మేడం నా చెయ్యి పట్టి దాని మీద పెట్టింది," అంది చివరికి, అరచెయ్యి గాలిలో ఆనించి. "మాపటేళ, చలి పెడుతున్నది. గా పట్టీ నా చెయ్యంత వెడల్పు లేదు. రాయి కదా, చల్లగుంటదనుకున్న. లేదే విజయా, వెచ్చగుండె. ఎవరో గిప్పుడే లేసిపోయిన జాగ లెక్క."